ఆఫ్రికా నదుల మేఫ్లైలు: గుర్తింపు, వర్ణన

మేఫ్లై బతుకంతా దాదాపు నీళ్ళ అడుగునే గడిచిపోతుంది. రాళ్ళ కింద, చెట్ల వేళ్ళ మధ్య, ఇసుకలో వారాలూ నెలలూ పెరిగిన శాబకం ఒక సాయంత్రం నీటి పైకి తేలి, కుబుసం విడిచి, రెక్కలతో లేచిపోతుంది. రెక్కలొచ్చాక దానికి నోరు పనిచేయదు, తిండి ఉండదు. కొన్ని గంటలు, మహా అయితే రెండు మూడు రోజులు బతికి, జతకట్టి, గుడ్లు పెట్టి రాలిపోతుంది. ఈ కీటకాల క్రమానికి ఉన్న ఎఫిమెరాప్టెరా అనే పేరు కూడా ఒక్కరోజు ముచ్చటను చెప్పే గ్రీకు మాట నుంచి వచ్చిందే. తొలకరి వానకు దీపాల చుట్టూ ముసిరే ఉసిళ్ళు తెలుగువారికి బాగా తెలిసినవి కనుక, మేఫ్లై అంటే అవేనని పొరబడడం తేలిక. ఉసిళ్ళు మట్టిలోంచి లేచే చెదపురుగులు. వాటి రెక్కలు వీపు మీద పడుకుని ఉంటాయి, ఇట్టే ఊడిపోతాయి. మేఫ్లై వాలినప్పుడు రెక్కలు పడవ తెరచాపలా నిటారుగా నిలుస్తాయి, పొట్ట చివర రెండో మూడో పొడవాటి తోకపోగులు వేలాడతాయి.

రెక్కలొచ్చాక మళ్ళీ ఒకసారి కుబుసం విడిచే కీటకాలు ఇవి తప్ప ఇప్పుడు బతికి ఉన్నవాటిలో మరేవీ లేవు. నీటి నుంచి లేచిన మొదటి రెక్కల రూపాన్ని సబ్‌ఇమాగో అంటారు. దాని రెక్కలు మసకగా, అంచున సన్నని నూగుతో ఉంటాయి. కొన్ని గంటలకో, మర్నాటికో అది చెట్టు కొమ్మ మీద మళ్ళీ కుబుసం విడిస్తే అద్దంలాంటి రెక్కల ఇమాగో బయటపడుతుంది. జాతిని పోల్చుకోవడానికి నమ్మదగినది ఇమాగో, అందులోనూ మగది. మసక రెక్కల రూపాన్ని పూర్తి ఎదిగిన పురుగుగా భావించి రాసిన వర్ణన మొదటి అడుగులోనే తప్పుతుంది.

సగం జీవి చిక్కు

ఒకే ప్రాణికి పోలికే లేని రెండు శరీరాలు ఉండడం ఈ రంగంలోని అసలు కష్టం. దీపం దగ్గర పట్టినవారు రెక్కల నరాలను, మగదాని కళ్ళను, జననాంగాలను వర్ణించారు. నదిలో వల వేసినవారు శాబకం మొప్పలను, నోటి భాగాలను వర్ణించారు. ఎవరికి వారు పేరు పెట్టారు. రెండు పేర్లూ ఒకే పురుగువని తేలేసరికి ఒక్కోసారి అర్ధశతాబ్దం గడిచింది.

ప్రపంచ మేఫ్లైల వర్గీకరణకు గట్టి పునాది వేసింది ఆల్ఫ్రెడ్ ఎడ్విన్ ఈటన్. మతబోధకుడైన ఈ ఇంగ్లీషు పండితుడి బృహద్గ్రంథం 1883 నుంచి 1888 దాకా భాగాలుగా వెలువడింది. ఆ తరువాత ఉల్మర్, నవాస్, లెస్టాజ్, డెమూలాఁ వంటి యూరప్ పండితులు ఆఫ్రికా జాతులకు పేర్లు పెట్టారు. నది పక్కనే ఉండి పనిచేసినవారిలో కేప్‌టౌన్ మ్యూజియంలోని కె. హెచ్. బర్నార్డ్ ముఖ్యుడు. 1932 నాటి ఆయన గ్రంథాన్ని దక్షిణాఫ్రికా మేఫ్లైల మీద పనిచేసేవారు నేటికీ తెరవక తప్పదు. మైకేల్ గిలీస్ కథ ఇంకా ఆసక్తికరం. మలేరియా దోమల మీద ఆయనకున్న అధికారం ప్రపంచానికి తెలుసు. తాంగన్యికాలోని అమానీలో ఉద్యోగం దోమల మీద, మనసు మేఫ్లైల మీద. ఆయన 1954లో ప్రొసొపిస్టోమా ప్రజాతిలో ఎదిగిన పురుగులను వర్ణించి, ఆఫ్రికా నుంచి రెండు కొత్త జాతులను ప్రకటించారు. వీపు మీద డాలులాంటి పెంకు కప్పుకొని రాయికి అతుక్కుని ఉండే దీని శాబకాన్ని పంతొమ్మిదో శతాబ్దంలో చాలాకాలం రొయ్యల, పీతల బంధువుగా లెక్కగట్టారు. శాబకాన్ని మాత్రమే చూస్తే ఎంత పెద్ద పొరపాటు జరగగలదో చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ దొరకదు.

రెక్కలను మాత్రమే నమ్ముకున్నా అంతే. సూడోక్లియోన్ అనే ప్రజాతిని 1905లో క్లాపాలెక్ జావా పురుగు ఆధారంగా స్థాపించారు. వెనుక రెక్కలు లేకపోవడాన్ని గుర్తుగా పట్టుకుని ఆఫ్రికాలోని అనేక జాతులను కూడా అందులోనే వేశారు. చిన్న పురుగుల్లో వెనుక రెక్క కుంచించుకుపోయి మాయం కావడం వేర్వేరు శాఖల్లో, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా, చాలాసార్లు జరిగింది. లేని అవయవం చుట్టరికానికి రుజువు కాదు. శాబకాలను తెచ్చి పక్కపక్కన పెట్టాక ఆ ప్రజాతిలోని ఆఫ్రికా జాతులు ఒక్కొక్కటే వేరే ప్రజాతులకు తరలిపోయాయి. సెంట్రోప్టిలమ్ విషయంలోనూ అదే జరిగింది. అది ఉత్తరాది చల్లని దేశాల ప్రజాతి. దాని పేరిట ఉన్న ఆఫ్రికా జాతులను గిలీస్ 1990లో తిరగేసి చూసి, ఆఫ్రోప్టిలమ్ అనే కొత్త పేరు ప్రవేశపెట్టారు. అందువల్ల యూరప్ కోసం రాసిన గుర్తింపు పట్టికతో ఆఫ్రికా పురుగును పోల్చడం అన్ని తప్పుల్లోకీ పాతది, ఇప్పటికీ ఎక్కువగా జరుగుతున్నది.

నదిలో, దీపం దగ్గర

ఉష్ణమండల నదిలో ఋతువులు మేఫ్లైని అంతగా కట్టడి చేయవు. ఏడాదిలో ఒక తరం వెంట మరో తరం వస్తూనే ఉంటుంది కనుక, ఏ రోజు వల వేసినా చిన్నా పెద్దా శాబకాలు కలిసే దొరుకుతాయి. చిన్నవాటితో జాతిని తేల్చడం దాదాపు అసాధ్యం. గోళ్ళ మీది పళ్ళ సంఖ్య, మొప్పల ఆకారం, తోకపోగుల మీది చారలు ప్రతి కుబుసంతోనూ మారుతుంటాయి. వీపు మీది రెక్కమొగ్గలు నల్లబడిన శాబకమే పక్వమైనది. గుంపులోంచి ఏరవలసింది అలాంటివాటినే.

ఒకే నదిలో పది అడుగుల దూరంలో జాతులు మారిపోతాయి. ఉరవడిగా పారే నీటిలో రాళ్ళ పైముఖాన ఒకరకం, అదే రాయి అడుగున మరొకరకం, ఒడ్డున వేలాడే వేళ్ళలో ఇంకొకరకం. ఇవన్నీ కలిపి ఒకే సీసాలో వేస్తే సగం సమాచారం అక్కడే పోతుంది. అర మిల్లీమీటరు, అంతకన్నా సన్నని కన్నుల వలతో రాళ్ళను కాలితో కదిలించి కొట్టుకొచ్చినవాటిని పట్టడం మామూలు పద్ధతి. బిల్హార్జియా వ్యాధి సోకే చోట్ల మోకాలి బూట్లు లేకుండా నీటిలో దిగకూడదు. నీటిగుర్రాలు, మొసళ్ళు తిరిగే మలుపుల్లో అసలే దిగకూడదు. ఎంత అరుదైన పురుగైనా ఆ తెగింపుకు తగినది కాదు.

రెక్కల పురుగుల కోసం చీకటి పడుతుండగా ఒడ్డున తెల్లగుడ్డ కట్టి దీపం పెడతారు. కొన్ని జాతులకు పంచాంగం కూడా చూడాలి. విక్టోరియా సరస్సులో పోవిల్లా అడుస్టా అనే జాతి గుంపులుగా లేచేది పౌర్ణమి దాటిన రాత్రుల్లోనని హార్ట్‌లాండ్-రో 1955లో చూపించారు. దాని శాబకాలు నీట మునిగిన కలపను దంతాల్లాంటి హనువులతో తొలిచి, ఆ సొరంగానికి పట్టుపోగుల పూత పెట్టుకుని ఉంటాయి. ఘనాలో 1965లో అకొసొంబో ఆనకట్ట పూర్తయి వోల్టా లోయలోని చెట్లన్నీ మునిగినప్పుడు ఆ మోడుల్లో ఇవి విపరీతంగా పెరిగి చేపలకు మేతయ్యాయి.

పట్టినవాటిని ఆకారం చూడడానికి 80 శాతం ఆల్కహాలులో, డి.ఎన్.ఎ. కోసమైతే 95 శాతానికి మించిన ఆల్కహాలులో వేస్తారు. సూది గుచ్చి ఆరబెడితే మెత్తని ఈ శరీరం ముడుచుకుపోతుంది. సీసాను మూత దాకా నింపకపోతే ప్రయాణంలో ద్రవం అటూ ఇటూ ఊగి మొప్పలు, కాళ్ళు, తోకపోగులు విరిగి అడుగున చేరతాయి. తరువాత ఏది ఎవరిదో బ్రహ్మకు కూడా తెలియదు. లోపల వేసే చీటీ పెన్సిలుతో రాసినదై ఉండాలి, పెన్ను సిరా ఆల్కహాలులో కరిగిపోతుంది. బతికున్నప్పటి రంగులను, ముఖ్యంగా మగదాని కళ్ళ రంగును, సీసాలో వేయకముందే రాసుకోవాలి. వారం తిరిగేసరికి ఆ రంగులు ఉండవు.

ఇంతకన్నా విలువైన పని పెంపకం. నల్ల రెక్కమొగ్గల శాబకాన్ని వల గుడ్డ కట్టిన డబ్బాలో, పారే నీటిలోనే ఉంచితే ఒకటి రెండు రోజుల్లో అది సబ్‌ఇమాగో అవుతుంది. దాన్ని తడిగాలి ఉన్న గాజుగొట్టంలో చిన్న పుల్లతో సహా పెడితే ఇమాగో అవుతుంది. శాబకం కుబుసం, సబ్‌ఇమాగో కుబుసం, ఇమాగో మూడూ ఒకే సీసాలో చేరాయంటే సగం జీవి చిక్కు ఆ జాతి వరకు శాశ్వతంగా తీరినట్టే. ఇలా పెంచిన ఒక్క మగపురుగు, విడివిడిగా పట్టిన వంద నమూనాలకు సాటి.

కుటుంబం నుంచి జాతి దాకా

పళ్ళెంలో పోసిన శాబకాల్లో మొదట వేరు చేయవలసింది మేఫ్లైలను పోలిన మరో క్రమానికి చెందిన స్టోన్‌ఫ్లైలను. వాటిలో ఉష్ణమండల ఆఫ్రికాలో సాధారణంగా కనిపించేది నియోపెర్లా ప్రజాతి. దానికి ప్రతి కాలికీ రెండు గోళ్ళు, మొప్పలు ఉరం దగ్గర కుచ్చులుగా. మేఫ్లై కాలికి ఒకే గోరు, మొప్పలు పొట్ట పక్కల వరుసగా ఉంటాయి. తోకపోగులను లెక్కపెట్టి తేల్చేయడం ప్రమాదం, ఎందుకంటే రెండే పోగులున్న మేఫ్లైలు కూడా చాలా ఉన్నాయి.

కుటుంబం దాకా చేరడం అంత కష్టమేమీ కాదు, కొన్నింటిని కంటితోనే పోల్చవచ్చు. చిన్న చేపపిల్లలా నునుపుగా ఉండి చటుక్కున దూసుకుపోయేది బెటిడే. తల, ఒళ్ళు పళ్ళెంలా చదునై, కళ్ళు తల పైన ఉన్నది హెప్టజెనిడే. అందులోని ఆఫ్రోన్యూరస్ పేరులో ఆఫ్రికా ఉన్నా దక్షిణ భారతం సెలయేళ్ళలోనూ ఆ ప్రజాతి జాతులున్నాయి. రెండో జత మొప్పలు చతురస్రపు మూతలై వెనుకవాటిని కప్పి ఉంటే సీనిడే. బురద చేరిన నీటిలో సున్నితమైన మొప్పలకు ఆ మూతే రక్ష. ముందుకాళ్ళ మీద పొడవైన వెంట్రుకల వరుసతో ఉరవడిలో ఆహారాన్ని జల్లెడ పట్టేది ఒలిగోన్యూరిడే, ఆఫ్రికాలో దాని ప్రతినిధుల్లో ఒకటి ఎలాసోన్యూరియా. డైసెర్కోమైజన్ పొట్టవైపు వెంట్రుకల అంచుతో ఒక పట్టుబిళ్ళ ఏర్పడి, ఎంత ఉరవడిలోనైనా రాయిని వదలదు. నోటి నిండా కుచ్చులాంటి వెంట్రుకలున్నది ట్రైకోరిథిడే.

అసలు పరీక్ష బెటిడేలో మొదలవుతుంది. ఆఫ్రికాలో జాతుల సంఖ్యలోనూ, తికమకలోనూ ఈ కుటుంబానిదే పెద్దపీట. ఇక్కడ కంటిచూపు, పైపై రంగు పనికిరావు. శాబకాన్ని విడదీసి స్లైడు మీద పరచాలి. పై పెదవి, రెండు హనువులు, జంభికలు, అధరం, ఒక్కో కాలు, మొప్పలు, పొట్ట చివరి పలకలు ఒకే స్లైడు మీద, ఎప్పుడూ ఒకే వరుసలో అమర్చడం అలవాటు చేసుకుంటే తరువాత పోల్చడం సులువు. హనువు మీద ముందుపళ్ళు కలిసిపోయాయా విడిగా ఉన్నాయా, వాటికీ నూరుడు పలకకూ మధ్య వెంట్రుకల కుచ్చు ఉందా, అధరపు స్పర్శాంగంలో చివరి ముక్క గుండ్రంగా ఉందా కోసుగా ఉందా, తొడ పైఅంచు ముళ్ళు మొనదేలాయా మొద్దుబారాయా, పొట్ట చివరి పలక అంచున ముళ్ళెన్ని అన్నవి ప్రతిసారీ చూడవలసినవి. గోరు మీద పళ్ళు ఒక వరుసా, రెండు వరుసలా అన్న చిన్న ప్రశ్న ఆఫ్రికాలో చాలా పెద్దది. రెండు వరుసలున్న ప్రజాతుల్లో అనేకం ఒకే చుట్టరికానికి చెందినవని లూగో-ఒర్టిస్, మెకాఫర్టీ 1998లో సెంట్రోప్టిలాయిడిస్ సముదాయం పేరుతో వివరించారు. ఆ సముదాయానికి పేరిచ్చిన సెంట్రోప్టిలాయిడిస్ శాబకం ఇతర పురుగులను వేటాడి తింటుంది. పాచి గీక్కుని తినే బంధువుల మధ్య అది వింతే.

ఎదిగిన మగ బెటిడేలకు కళ్ళ పైభాగం తలపాగాలా లేచి ఉంటుంది, ఆడవాటికి ఉండదు. ముందు రెక్క అంచున చిన్న నరాలు జంటలుగా ఉన్నాయా ఒంటిగా ఉన్నాయా అన్నది, వెనుక రెక్క ఉంటే దాని కొన ఆకారం, మగదాని జననాంగపు పట్టకార్ల ముక్కల పొడవు ముఖ్యం. ఆడపురుగు ఒక్కటే దొరికితే పేరు పెట్టకుండా పక్కన ఉంచడమే మర్యాద.

గుర్తింపు పట్టికలో ఒక మోసం ఉంది. ప్రతి మెట్టులోనూ రెండే దారులు చూపుతుంది కనుక, ఏ పురుగునిచ్చినా చివరికి ఏదో ఒక పేరు చెప్పే తీరుతుంది. అది ఇంతకుముందు తెలిసిన జాతుల జాబితా మాత్రమే. పట్టిక చెప్పిన పేరును ఆ జాతి మూల వర్ణనతో, వీలైతే మ్యూజియంలోని మూల నమూనాతో సరిపోల్చనిదే గుర్తింపు పూర్తికాదు. దక్షిణాఫ్రికా వరకు 2003లో వచ్చిన మంచినీటి అకశేరుకాల మార్గదర్శి ఏడో సంపుటం మంచి తోడు. కాంగో పరీవాహకానికి దాన్నే వాడితే పాత తప్పే మళ్ళీ జరుగుతుంది.

డి.ఎన్.ఎ. సాక్ష్యం ఈ పనిని తేలిక చేసింది, కొన్నిచోట్ల కష్టమూ చేసింది. బార్‌కోడ్‌గా వాడే సి.ఒ.ఐ. జన్యువులోని 658 అక్షరాల ముక్క శాబకాన్నీ మగపురుగునూ పెంచకుండానే జత చేయగలదు. పైపెంకు చెడకుండా డి.ఎన్.ఎ. తీసే పద్ధతి వాడితే అదే నమూనాను స్లైడుకూ ఎక్కించవచ్చు. బర్నార్డ్ 1932లో పేరు పెట్టిన బెటిస్ హారిసోని ఆఫ్రికా నదుల్లో అతి సాధారణం. పి.హెచ్. 2.9 నుంచి 10 దాకా ఎలాంటి నీటినైనా ఓర్చుకునే గట్టి జాతిగా దానికి పేరు. దక్షిణాఫ్రికా ప్రాంతంలోని 21 నదుల నుంచి తెచ్చిన నమూనాల జన్యువులు చూసి 2012లో ప్రకటించిన పరిశోధనలో అది ఒక్కటి కాదని, స్పష్టంగా విడిపోయిన శాఖలు దానిలో దాగి ఉన్నాయని తేలింది. అంటే ఆ ఓర్పు ఒక్క జాతిది కాకపోవచ్చు. ఒక్కో శాఖ ఒక్కో నీటికి అలవాటుపడి ఉండవచ్చు. అలాగని బార్‌కోడ్‌లో నాలుగు అక్షరాల తేడా రాగానే కొత్త జాతి ప్రకటించడం తొందరపాటే.

ఈ తేడాలు మ్యూజియం గోడలు దాటి బయట కూడా అక్కరకొస్తాయి. నది ఆరోగ్యాన్ని పురుగులతో లెక్కగట్టే దక్షిణాఫ్రికా పద్ధతి ఎస్.ఎ.ఎస్.ఎస్. ఐదో రూపంలో బెటిడే ఒక జాతే ఉంటే 4 మార్కులు, రెండుంటే 6, అంతకు మించితే 12. పేర్లు తెలియకపోయినా ఎన్ని రకాలున్నాయో తెలియాలి. పశ్చిమాఫ్రికాలో నది అంధత్వాన్ని తెచ్చే నల్లఈగలను అణచడానికి 1974 నుంచి 2002 దాకా నడిచిన కార్యక్రమంలో, చివరికి 11 దేశాల నదుల్లో మందు కలిపారు. ఆ మందుకు మిగతా జీవులేమవుతున్నాయో ఏళ్ళ తరబడి గమనించారు. ఆ లెక్కల్లో మేఫ్లైలకు ముఖ్యమైన చోటుంది. పేరు తెలియని పురుగు తగ్గిందో పెరిగిందో చెప్పడం ఎవరి తరమూ కాదు.

వర్ణన రాయడం

కొత్తదని నిశ్చయమయ్యాక రాసే వర్ణనకు ఒక వరుస ఉంది. ముందు హోలోటైప్, అంటే ఆ పేరును మోసే ఒకే ఒక్క నమూనా, దాని వివరాలు: దేశం, నది పేరు, అక్షాంశ రేఖాంశాలు, సముద్రమట్టం నుంచి ఎత్తు, తేదీ, పట్టినవారు. ‘కాంగో, నది’ అని మాత్రమే రాసిన పాత చీటీలు ఎందరి ఏళ్ళనో మింగేశాయి. తరువాత నిర్ధారణ: దగ్గరి బంధువుల నుంచి ఈ జాతిని వేరు చేసే నాలుగైదు లక్షణాలు. వర్ణనలో ఇదే ప్రాణం, ఎక్కువగా నిర్లక్ష్యానికి గురయ్యేదీ ఇదే. పది పేజీలు రాసి, పక్క జాతికీ దీనికీ తేడా ఏమిటో చెప్పని రచన పేరుకే వర్ణన. ఆ తరువాత తల నుంచి తోక దాకా శరీరం, కొలతలు (తోకపోగులు వదిలేసి), నమూనాల మధ్య కనిపించిన తేడాలు, నివాసం. బొమ్మలు సూక్ష్మదర్శినికి అమర్చిన అద్దం చూపే నీడ మీద గీసినవైనా ఫొటోలైనా కొలబద్ద గీత తప్పనిసరి.

పేరు లాటిను వ్యాకరణానికి లొంగాలి. ప్రొసొపిస్టోమా నపుంసకలింగం కనుక దాని జాతి ఆఫ్రికానమ్ అయింది, ఆఫ్రికానస్ కాలేదు. వ్యక్తి గౌరవార్థం పెడితే హారిసోనిలా షష్ఠీ విభక్తి. ఎలక్ట్రానిక్ పత్రికలో మాత్రమే ప్రకటిస్తే, జంతు నామకరణ అంతర్జాతీయ నియమావళికి 2012లో వచ్చిన సవరణ ప్రకారం, జూబ్యాంక్ అనే రిజిస్టరులో ముందే నమోదు ఉండాలి. నమూనాలు దేశం దాటాలంటే ఆ దేశం అనుమతి, 2014లో అమలుకు వచ్చిన నగోయా ఒప్పందం షరతులు ఉన్నాయి. పని మొదలుపెట్టే ముందే ఈ కాగితాలు చూసుకోవాలి, పురుగు పట్టాక కాదు.

ఆఫ్రికా మేఫ్లైల పాత మూల నమూనాలు చాలావరకు లండన్, పారిస్, బెల్జియంలోని టెర్వూరెన్ వంటి చోట్ల ఉన్నాయి. ఖండంలోపల దక్షిణాఫ్రికాలోని మఖండాలో ఉన్న ఆల్బనీ మ్యూజియం పెద్ద నిధి. కొత్త జాతిని వర్ణించేవారు అదనపు నమూనాల్లో కొన్నింటినైనా ఆ నది పారే దేశంలోని మ్యూజియానికో విశ్వవిద్యాలయానికో ఇవ్వడం న్యాయం. నియమావళి మాత్రం ఇంతవరకే అడుగుతుంది: 1999 తరువాత ప్రకటించిన ఏ జాతికైనా పేరును మోసే మూల నమూనా ఏదో స్పష్టంగా చెప్పాలి, అది ఏ ఊళ్ళో ఏ సంస్థలో ఉంటుందో రాయాలి. ఆ రెండు వాక్యాలు లేని పేరు చెల్లదు.